సిటడెల్ కాంట్రాస్ట్ రంగులు: తీరిక సాయంత్రాల బొమ్మల పనికి ఎంతవరకు పనికొస్తాయి?

అంగుళానికి కాస్త మించిన ఎత్తున్న ప్లాస్టిక్ యోధుడికో, మంత్రగత్తెకో, అస్థిపంజరానికో సన్నని కుంచెతో రంగులు వేస్తూ సాయంత్రాలు గడిపే అలవాటు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ దశాబ్దాలుగా ఉన్నదే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల్లో ఆటగాడి పాత్రకు గుర్తుగా బల్ల మీద నిలబెట్టడానికి, వార్‌హామర్ వంటి యుద్ధక్రీడల్లో సైన్యాలను నడపడానికి ఈ బొమ్మలు పుట్టాయి. అయితే ఆట ముఖం చూడకుండా, కేవలం రంగులు వేసుకోవడానికే వీటిని కొనేవారు కూడా తక్కువేమీ కాదు. నాది ఆ రెండో కోవ. అందుచేత ఈ సమీక్షలో సిటడెల్ కాంట్రాస్ట్ రంగులను నేను తూచే రాయి వేరు. యాభై బొమ్మల సైన్యం ఎంత త్వరగా పూర్తవుతుందన్నది నా ప్రశ్న కాదు. ఆఫీసు పని ముగించుకుని వచ్చిన మనిషి ఒక్క బొమ్మను ముందు పెట్టుకుని గంటో గంటన్నరో కూర్చున్నప్పుడు, ఈ రంగులు ఆ గంటను తేలిక చేస్తాయా, బరువు చేస్తాయా అన్నదే ప్రశ్న.

సిటడెల్ పేరుతో బొమ్మలనూ రంగులనూ అమ్మే గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండన్‌లో మొదలై, తరువాత నాటింగ్‌హామ్‌లో స్థిరపడిన బ్రిటిష్ సంస్థ. 1983లో వచ్చిన వార్‌హామర్, 1987లో వచ్చిన వార్‌హామర్ 40,000 ఆటలు దాన్ని పెద్ద సంస్థను చేశాయి. ఈ ఆటలకు పదుల సంఖ్యలో బొమ్మలు కావాలి. అవి ముక్కలుగా, బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలలో వస్తాయి. కొన్నవారే కత్తిరించి, అతికించి, రంగులు వేసుకోవాలి. కొనడంలో ఉన్న ఉత్సాహం రంగులు వేయడంలో ఉండకపోవడంతో, రంగు చూడని బొమ్మలు అలమారాల్లో గుట్టలుగా పేరుకుపోవడం ఈ అభిరుచి ఉన్న ప్రతి ఇంటి కథ. 2019 జూన్‌లో 30కి పైగా రంగులతో విడుదలైన కాంట్రాస్ట్ శ్రేణి ఆ గుట్టను ఉద్దేశించి వచ్చినదే. ఒకే ఒక మందపాటి పూతతో బొమ్మ పూర్తవుతుందని ప్రచారం సాగింది. 2022లో మరిన్ని రంగులు చేరాయి. వేగమే ఈ సరుకుకు అమ్మకపు మాట. ఆ మాట పక్కన పెట్టి చూస్తేనే దీని అసలు గుణం తెలుస్తుందని నా అభిప్రాయం.

ముందు పాత పద్ధతి ఏమిటో చెప్పాలి. ఇంత చిన్న బొమ్మ మీద గదిలోని వెలుతురు పడినంత మాత్రాన నిజమైన మనిషి మీద పడినట్టు నీడలు ఏర్పడవు. ఆ నీడలను రంగుతోనే సృష్టించాలి. అందుకని మొదట నేలరంగును పలుచగా రెండు పూతలు వేస్తారు. అది ఆరాక, ముదురు రంగు నీళ్ళలాంటి వాష్‌ను ముడతల్లోకి దింపుతారు. అదీ ఆరాక, ఎత్తుగా ఉన్న చోట్ల మళ్ళీ నేలరంగు, ఆపైన దానికంటే లేతరంగు, చివరికి అంచుల వెంట వెంట్రుకవాసి గీత. ఒక్క ఎర్రని అంగీకే ఇన్ని దశలు. ప్రతి దశలోనూ రంగు ఎంత పలచన చేయాలి, కుంచెలో ఎంత ఉంచాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయాలు చేయి చేస్తూనే ఉండాలి. నైపుణ్యం వచ్చినవారికి ఇందులో గొప్ప ఆనందం ఉంది, సందేహం లేదు. కానీ రాత్రి ఎనిమిదిన్నరకు అలసిపోయి కూర్చున్న కొత్తవారికి ఇది ఇంకొక ఉద్యోగంలా తోస్తుంది.

కాంట్రాస్ట్ ఈ దశలను ఒకటిగా మడిచింది. ఇది నీటి ఆధారిత ఆక్రిలిక్ రంగే అయినా మామూలు రంగులా పైనుండి కప్పేయదు. గాజు మీద వేసిన రంగులా అడుగునున్న తెలుపును కనబరుస్తుంది. చిక్కని పారదర్శక ద్రవంలో రంగు పొడి గాఢంగా ఉంటుంది. తడిగా ఉన్నంతసేపూ అది మిట్టల మీది నుండి జారి పల్లాల్లో చేరుతుంది. పలుచగా మిగిలిన చోట అడుగు తెలుపు తొంగిచూసి వెలుగవుతుంది, చేరిన చోట చిక్కబడి నీడవుతుంది. శిల్పి చెక్కిన మిట్టపల్లాలే ఇక్కడ చిత్రకారుడి పని సగం చేసిపెడతాయి. అందువల్ల చెక్కడం బాగున్న బొమ్మ మీద ఈ రంగు అద్భుతంగా, చెక్కడం మొద్దుగా ఉన్న బొమ్మ మీద అంతే మొద్దుగా కనిపిస్తుంది. బొమ్మను ఎంచుకోవడంలోనే సగం ఫలితం తేలిపోతుందన్న మాట.

వేగం సంగతి అటుంచితే, ఈ రంగులు పని స్వభావాన్నే మారుస్తాయి. పాత పద్ధతిలో నిర్ణయాలు పని పొడుగునా పరచుకుని ఉంటాయి. ఇక్కడ నిర్ణయమంతా మొదట్లోనే అయిపోతుంది. ఏ భాగానికి ఏ రంగో అనుకుని, కుంచె నిండా తీసుకుని, పైనుండి కిందికి ధైర్యంగా పరిచేశాక చేతికి మిగిలేది కాపలా పనే. రంగు ఎక్కడ మడుగు కడుతోందో చూడాలి. కట్టిన చోట తడి కుంచె మొనతో తాకితే అదనపు రంగును కుంచె పీల్చుకుంటుంది. చాలని చోటికి కాస్త నడపాలి. ఆ రెండు మూడు నిమిషాలూ మరో ఆలోచనకు చోటుండదు. కళ్ళు ఆ తడి మెరుపు వెంటే తిరుగుతాయి, చేయి దాని వెంట నడుస్తుంది. మనసుకు విశ్రాంతినిచ్చేది ఈ భాగమే. ఆ తరువాత మాత్రం తాకకూడదు. సగం ఆరిన పూతను కుంచెతో కెలికితే పొర చిరిగి, అంచు గట్టిపడిన వలయం ఏర్పడుతుంది, దాన్ని సరిదిద్దడం కష్టం. వదిలేయడం నేర్పే రంగు ఇది. పరిపూర్ణత కోసం పదేపదే దిద్దే అలవాటున్నవారికి మొదట్లో ఇది చిరాకు తెప్పిస్తుంది.

పూర్తిగా ఆరడానికి సుమారు అరగంట పడుతుంది కాబట్టి ఒక్క బొమ్మతోనే కూర్చుంటే ఎక్కువ సమయం ఎదురుచూపుకే పోతుంది. రెండో మూడో బొమ్మలను పక్కపక్కన పెట్టుకుని, ఒకదానికి చర్మం వేసి, అది ఆరేలోపు మరోదానికి అంగీ వేసుకుంటూ పోవడం మేలు. అంతకు మించి వరుసలో పెడితే ఫ్యాక్టరీ అయిపోతుంది, సాయంత్రం కాస్తా షిఫ్టుగా మారుతుంది.

ఇక ప్రైమర్. కాంట్రాస్ట్ పనితనమంతా దాని కింద ఉన్న పూతలో ఉంది. మన కొండపల్లిలో తెల్లపొణికి కర్ర బొమ్మలకు రంగులు వేసేముందు తెల్లని పూత వేసినట్టే ఇక్కడా కింద లేతరంగు ఉండాలి. లేకపోతే పైన ఎంత మంచి రంగు వేసినా మాసినట్టే ఉంటుంది. సంస్థ ఇందుకోసం రెండు స్ప్రే ప్రైమర్లను శ్రేణితోపాటే విడుదల చేసింది. రైత్‌బోన్ అనేది పాలమీగడలాంటి వెచ్చని ఎముక తెలుపు. గ్రే సీర్ చల్లని లేత బూడిద. చర్మం, తోలు, ఎరుపు, పసుపు ఎక్కువగా ఉన్న బొమ్మకు మొదటిది, నీలం, ఊదా, దయ్యపు ఆకుపచ్చలకు రెండోది నప్పుతాయి. రెండూ కాస్త నునుపైన ఉపరితలాన్ని ఇస్తాయి. కాంట్రాస్ట్ జారాలంటే ఆ నునుపు కావాలి. గరుకైన, పొడిబారిన ప్రైమర్ మీద అది జారకుండా ఇంకిపోయి మచ్చలు పడుతుంది.

మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మండే స్వభావమున్న స్ప్రే రంగు డబ్బాలను విమాన ప్రయాణికుల సామానులో అనుమతించరు కాబట్టి, డాలస్ నుండో లండన్ నుండో వచ్చే బంధువులతో తెప్పించుకునే మార్గం వీటికి పనికిరాదు. చిన్న డబ్బాల్లోని నీటి ఆధారిత రంగులకు ఆ ఇబ్బంది లేదు. పైగా స్ప్రే దొరికినా, వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున, అందులోనూ విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో, ప్రైమర్ మీద తెల్లని పొడిలాంటి పొర ఏర్పడి సన్నని చెక్కడాలను మింగేసే ప్రమాదముంది. ఎండాకాలం మధ్యాహ్నం బాల్కనీలో కొడితే చుక్కలు బొమ్మను చేరకముందే సగం ఆరి గరుకుగా అంటుకుంటాయి. వాన లేని ఉదయం పూట, బొమ్మకు జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం నుండి, ఆగి ఆగి కొట్టడం ఒక దారి. అంతకంటే నెమ్మదైన దారి కుంచెతో వేసే ప్రైమర్. రైత్‌బోన్, గ్రే సీర్ రెండూ కుంచెతో వేసుకునే చిన్న డబ్బా రంగులుగా కూడా వస్తాయి. స్పెయిన్‌కు చెందిన వయేహో సంస్థ కుంచెతో వేసుకునే ప్రైమర్లను విడిగా అమ్ముతుంది. ముందు తెల్ల ప్రైమర్‌ను పలుచగా రెండు పూతలు వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, ఆపైన రైత్‌బోన్ వేస్తే స్ప్రే లేని లోటు చాలావరకు తీరుతుంది. అపార్ట్‌మెంట్లలో వాసన గొడవ కూడా ఉండదు.

ప్రైమర్ పనే వద్దనుకునేవారికి విజ్‌కిడ్స్ సంస్థ డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం చేసే నోల్జర్స్ మార్వెలస్ మినియేచర్స్ ఉన్నాయి. అవి వయేహో ప్రైమర్ వేసే వస్తాయి, చాలావాటికి అతికించే పని కూడా ఉండదు. అయితే ఆ ప్రైమర్ బూడిదరంగు. దాని మీద నేరుగా కాంట్రాస్ట్ వేస్తే పసుపులూ చర్మపు రంగులూ దుమ్ము పట్టినట్టుంటాయి. గట్టి కుంచెకు తెల్లరంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకు తుడిచేసి, మిగిలిన పొడి రంగును బొమ్మ పైభాగాల మీద సున్నితంగా రుద్దితే మిట్టలన్నీ తెల్లబడతాయి, పల్లాలు బూడిదగానే ఉంటాయి. దీని మీద కాంట్రాస్ట్ వేస్తే నీడలు రెట్టింపు లోతుగా వస్తాయి. ఈ రుద్దుడు పనికి ఖరీదైన కుంచె అక్కర్లేదు. మొహానికి పౌడరు అద్దే గుండ్రని మేకప్ కుంచె చక్కగా సరిపోతుంది. నల్లని ప్రైమర్ మీద బూడిద, తెలుపు వరుసగా రుద్ది పారదర్శక రంగులు వేసే పద్ధతి ఈ మధ్య బాగా ప్రాచుర్యంలోకి వచ్చింది. నాకు మాత్రం అది కాస్త నాటకీయంగా, బొగ్గు పూసినట్టుగా తోస్తుంది. బూడిద నుండి మొదలుపెట్టడమే మెరుగు.

రంగుల విషయానికొస్తే, ఈ శ్రేణిలో అన్నీ సమానం కావు. స్కెలిటన్ హోర్డ్ ఒక్కటి చాలు, ఈ రంగులంటే నమ్మకం లేనివారిని మార్చడానికి. రైత్‌బోన్ మీద దాన్ని ఒక పూత వేస్తే అస్థిపంజరం పక్కటెముకల మధ్య గోధుమ నీడలు నిండి, ఎముకలు పాత దంతంలా తేలుతాయి. పాత తాళపత్రాలకూ, కొమ్ములకూ, గోనెగుడ్డకూ అదే రంగు. స్నేక్‌బైట్ లెదర్ తోలుపట్టీలకు పుట్టినట్టుంటుంది. కర్రకూ, ముదురు జుట్టుకూ వైల్డ్‌వుడ్; దుష్టజీవుల ఆకుపచ్చ చర్మానికి ఆర్క్ ఫ్లెష్; ఎర్రని అంగీలకు బ్లడ్ ఏంజెల్స్ రెడ్. నల్లని బట్టకు బ్లాక్ టెంప్లార్ ఉంది గాని అది చాలా ఘాటు, మీడియం (రంగును పలచన చేసే పారదర్శక ద్రవం) కలపకపోతే వెలుగు చోట్లు కూడా నల్లబడతాయి. అపోథెకరీ వైట్ పేరుకు తెలుపే అయినా నిజానికి నీలిబూడిద నీడ మాత్రమే. తెల్లని బట్ట కావాలంటే అది వేశాక మళ్ళీ మామూలు తెల్లరంగుతో మిట్టలను దిద్దక తప్పదు. పసుపులు వేటికవే పెంకివి. ఇయాండెన్ యెల్లో అంచుల్లో నారింజ చారలు కడుతుంది, నాజ్‌డ్రెగ్ యెల్లో పసుపు అనడం కంటే ఆవపిండి అనడం సబబు.

చర్మపు రంగుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. గిల్లిమాన్ ఫ్లెష్ అనేది ఎండ చూడని యూరోపియన్ ముఖానికి సరిపోయే గులాబీ వన్నె. దాన్ని వేసిన ఏ యోధుడైనా చలికి ముక్కు ఎర్రబడినవాడిలా ఉంటాడు. బొమ్మకు మన చాయ ఇవ్వాలనుకుంటే చర్మం పేరున్న డబ్బాలకే పరిమితం కానక్కర్లేదు. డార్క్‌ఓత్ ఫ్లెష్ చామనచాయకు దగ్గరగా వస్తుంది. గోర్-గ్రంటా ఫర్ జంతువుల వెంట్రుకల కోసం చేసిన ఎర్రని గోధుమ, అయినా దానికి సమపాళ్ళలో కాంట్రాస్ట్ మీడియం కలిపి రైత్‌బోన్ మీద వేస్తే ఎండలో తిరిగిన పల్లెటూరి ముఖం వస్తుంది. ఇంకా నల్లని చాయకు సైగోర్ బ్రౌన్‌ను అలాగే పలుచన చేయాలి, లేకుంటే ముఖ కవళికలు చీకట్లో కలిసిపోతాయి. ఆరిన తరువాత ముక్కు దూలం, బుగ్గల మిట్ట, కింది పెదవి మీద మామూలు లేత గోధుమ రంగుతో చిన్న చుక్క పెడితే ముఖానికి ప్రాణం వస్తుంది. కళ్ళు వేయనక్కర్లేదు. ఈ పరిమాణంలో కన్ను అర మిల్లీమీటరు కూడా ఉండదు. గుంటలో చేరిన నీడే చూపులా పనిచేస్తుంది. చత్వారం వచ్చినవారికి ఇది చిన్న వరం కాదు.

లోహపు కవచాల మీద చేయగల ఒక ప్రయోగాన్ని ఈ శ్రేణి గురించిన పొగడ్తల్లో తక్కువగా చెబుతుంటారు. కవచానికి ముందు లెడ్‌బెల్చర్ వంటి వెండి రంగు వేసి, ఆరాక దాని మీద లెవియాడన్ బ్లూనో మరో నీలాన్నో పలుచగా పరిస్తే, రంగు వేసిన ఉక్కులా లోపలినుండి మెరుస్తుంది. పాత పద్ధతిలో ఇది రావడానికి చాలా శ్రమపడాలి. దయ్యాలకూ ఆత్మలకూ ఏథర్‌మాటిక్ బ్లూ వేయడం కూడా అంతే సులువు, అంతే తృప్తి.

లోపాలకు వస్తే, మొదటిది చదునైన చోట్లు. బొచ్చు, గొలుసు కవచం, ముడతల దుస్తులు, రెక్కలు ఉన్నంతవరకు ఈ రంగుకు తిరుగులేదు. కానీ పెద్ద డాలు, రథం పక్కభాగం, నున్నని శిరస్త్రాణం వంటి చోట్ల జారడానికి పల్లం లేక రంగు ఎక్కడికక్కడ ముద్దగా ఆగి, ఆరాక కాఫీ ఒలికిన బల్లలా మరకలు పడుతుంది. మీడియం ఎంత కలిపినా ఇది పూర్తిగా పోదు. ఆ చోట్లకు మామూలు ఆక్రిలిక్ రంగు వేయడమే తెలివైన పని. రెండోది, తప్పు దిద్దడం. రంగు పారదర్శకం కాబట్టి ఎర్ర అంగీ అంచు దాటి ముఖం మీదికి వస్తే ముఖపు రంగుతో దాన్ని కప్పలేము. ముందు రైత్‌బోన్‌తో ఆ చోటును మళ్ళీ తెల్లబరచి అప్పుడు వేయాలి. అందుకని లేత రంగులు ముందు, ముదురు రంగులు తరువాత అన్న క్రమం పాటించాలి. తడిసి ఉండగానే పొరపాటు గమనిస్తే శుభ్రమైన తడి కుంచెతో చాలావరకు ఎత్తేయవచ్చు. మూడోది, ఈ పూత పైపొర గట్టిది కాదు. చేతితో పట్టుకుని తిప్పుతుంటేనే అంచుల దగ్గర అరిగి తెల్లగా బయటపడుతుంది. బొమ్మను సీసా మూత మీదనో పాత మందు డబ్బా మీదనో అంటించుకుని, మూతనే పట్టుకుని పనిచేయాలి. పూర్తయ్యాక మెరుపు లేని వార్నిష్ తప్పనిసరి, ఆటలో వాడే బొమ్మకైతే మరీను.

పలచన చేయడానికి నీళ్ళు వాడవద్దన్న సలహాను కొందరు సంస్థ అమ్మకపు ఎత్తుగడగా కొట్టిపారేస్తారు. అది నిజం కాదు. కొద్దిపాటి నీరు ఫరవాలేదు గాని, ఎక్కువైతే రంగును కలిపి ఉంచే ద్రవం విడిపోయి, ఆరేటప్పుడు అంచుల్లో చారలు కడుతుంది. కాంట్రాస్ట్ మీడియం ఒక డబ్బా కొనక తప్పదు, ఆ ఒక్క డబ్బా మిగిలిన అన్నిటికంటే ముందు అయిపోతుంది కూడా. ఎండాకాలంలో ఫ్యాను నేరుగా బొమ్మ మీద పడకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. రంగు జారేలోపే ఆరిపోతే ఈ పద్ధతికి అర్థమే లేదు.

డబ్బా గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ఇంత ఆలోచించి చేసిన రంగును ఇలాంటి డబ్బాలో ఎందుకు పోస్తారో అంతుపట్టదు. 18 మిల్లీలీటర్ల చిన్న గుండ్రని డబ్బాకు ఎగదీసే మూత. మూత లోపలి నాలుకలో రంగు నిలుస్తుంది, అక్కడినుండే కుంచెతో తీసుకోవాలని ఉద్దేశం. అంచున చేరిన రంగు ఆరి గట్టిపడితే మూత బిగుసుకోదు, బిగుసుకోని మూత నుండి గాలి చేరి రంగు చిక్కబడుతుంది. మన ఎండల్లో అది మరీ త్వరగా జరుగుతుంది. తెరిచిన డబ్బా చేయి తగిలితే పడిపోయే రకం కూడా. వాడిన ప్రతిసారీ అంచును తడిగుడ్డతో తుడవడం, రంగును ప్యాలెట్‌కు తీసుకుని వెంటనే మూత వేయడం అలవాటు చేసుకోవాలి. చుక్కల మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కొని వాటిలోకి మార్చుకునేవారు చాలామందే ఉన్నారు, వారిని తప్పుపట్టలేము. వాడేముందు బాగా ఊపాలి, అడుగున చేరిన రంగు పొడి కలవకపోతే పైన తేలిన జిగురు నీరే కుంచెకు వస్తుంది.

చుక్కల సీసా కావాలనుకునేవారికి పోటీ సరుకులు సిద్ధంగా ఉన్నాయి. డెన్మార్క్‌కు చెందిన ది ఆర్మీ పెయింటర్ 2022లో స్పీడ్‌పెయింట్ తెచ్చింది. మొదటి తరంలో ఆరిన పూత మీద మరో తడి రంగు పడితే కింది రంగు మళ్ళీ కరిగి కలిసిపోయేది; 2023లో వచ్చిన రెండో తరంలో ఆ లోపాన్ని సవరించారు. పాత సరుకు ఇంకా ఎక్కడైనా తక్కువ ధరకు కనిపిస్తే సీసా మీద 2.0 అన్న గుర్తు ఉందో లేదో చూసుకుని కొనాలి. అవి కాంట్రాస్ట్ కంటే కాస్త మెరుపుగా ఆరతాయి, రంగులు గాఢంగా ఉంటాయి. వయేహో వారి ఎక్స్‌ప్రెస్ కలర్ వన్నెలో మృదువైనది. కేవలం వాడకం సౌకర్యమే కొలమానమైతే స్పీడ్‌పెయింట్‌కే నా ఓటు. కానీ ఎముక, తోలు, కర్ర, చర్మం వంటి మట్టిరంగుల నాణ్యతలో కాంట్రాస్ట్ ఇంకా ఒక మెట్టు పైనే ఉంది. వేర్వేరు సంస్థల రంగులను ఒకే బొమ్మ మీద వాడుకోవడానికి ఏ అడ్డంకీ లేదు.

ధర మాత్రం తక్కువ కాదు. దిగుమతి సుంకాలు కలిసి మన దగ్గరకు చేరేసరికి ఒక్క డబ్బా ధరకు క్యామ్లిన్ ఆక్రిలిక్ రంగుల చిన్న పెట్టె వచ్చేస్తుంది. మరి ఆ పెట్టెతోనే పని జరగదా అంటే, కొంత జరుగుతుంది. బొమ్మ నిలబడే పీఠానికీ, చదునైన చోట్లకూ, ముందు చెప్పిన తెలుపు రుద్దుడుకూ ఆ రంగులు హాయిగా చాలు. ముఖాలకూ సన్నని చెక్కడాలకూ వాటి చిక్కదనం అడ్డొస్తుంది. కుంచె విషయంలోనూ పొదుపుకు చోటుంది. పాత పద్ధతిలో సన్నని అంచుగీతలకు వాడే కొలిన్స్కీ అనే జంతువు వెంట్రుకల ఖరీదైన కుంచెలు ఈ రంగులకు అనవసరం, పైగా ఈ జిగట ద్రవం వెంట్రుకల మొదళ్ళలోకి చేరి వాటిని పాడుచేస్తుంది. మొన నిలిచే సింథటిక్ కుంచెలు రెండు, ఒకటి సన్నం, ఒకటి మధ్యరకం, చాలు. కుంచె మొనను నోటితో తడిపి సరిచేసే అలవాటు ఈ అభిరుచిలో చాలామందికి ఉంది. దాన్ని చూసి నేర్చుకోవద్దు.

కొత్తగా మొదలుపెట్టేవారు పెద్ద సెట్టు కొనవద్దని నా సలహా. స్కెలిటన్ హోర్డ్, స్నేక్‌బైట్ లెదర్, వైల్డ్‌వుడ్, గోర్-గ్రంటా ఫర్, బ్లడ్ ఏంజెల్స్ రెడ్, ఏదో ఒక నీలం, బాసిలికానమ్ గ్రే, వీటితోపాటు మీడియం, రైత్‌బోన్ డబ్బా, ఒక వెండి రంగు. ఇవి చేతిలో ఉంటే అస్థిపంజరాలనుండి మంత్రగాళ్ళ వరకు అన్నీ అవుతాయి, మిగిలినవి అవసరం పడినప్పుడు ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకైతే కొనకముందే చూసే వీలుంది. అక్కడి వార్‌హామర్ దుకాణాల్లో కొత్తగా వచ్చినవారికి ఒక బొమ్మ ఇచ్చి, దుకాణం రంగులతోనే అక్కడే వేయించే ఆనవాయితీ ఉంది. ఆ గంటలోనే ఈ పని తమకు పడుతుందో లేదో తేలిపోతుంది.

చిత్రకళ నేర్చుకోవాలనే ఉద్దేశంతో ఈ అభిరుచిలోకి వచ్చేవారికి మాత్రం కాంట్రాస్ట్‌ను మొదటి రంగుగా సూచించను. వెలుగు ఎటునుండి వస్తోంది, నీడ ఎక్కడ పడాలి అన్న ఆలోచనను ఇది మన తరఫున చేసేస్తుంది కాబట్టి ఆ ఆలోచన మనకు అబ్బదు. పోటీలకు పంపే స్థాయి పని కోరేవారు మామూలు ఆక్రిలిక్‌లతోనే మొదలుపెట్టి, కాంట్రాస్ట్‌ను ముడతల నీడలకు ఒక పనిముట్టుగా తరువాత చేర్చుకోవడం మంచిది. తక్కినవారికి, అంటే వారంలో ఒకటో రెండో సాయంత్రాలు ఖాళీ ఉండి, బల్ల మీద చిన్న దీపం పెట్టుకుని, చూడముచ్చటైన బొమ్మ ఒకటి పూర్తిచేసి అద్దాల బీరువాలో పెట్టుకుంటే చాలనుకునేవారికి, ఇంతకంటే అనువైన రంగులు నేను వాడినవాటిలో లేవు. డబ్బా సంగతి భరించగలిగితే ఐదింటికి నాలుగు మార్కులు.